బడిపాఠమున ప్రశ్న

నౌపడనుండి పర్లాకిమిడికి చిన్నరైలుదారి 1900లో ఏర్పడినది. నేడు రెండు రాష్ట్రములలోనున్న ఈ యూళ్లు నాడొక్క గంజాము జిల్లాలోనివే. ఆ పర్లాకిమిడిలో రాజావారి పాఠశాలయందు గిడుగు వేంకట రామమూర్తిగారు 1880 మొదలు ఉపాధ్యాయులై యుండిరి. ఆగస్టు 29వ తేదీ వారి జన్మదినమని యేటేట సభలు జరుగుచున్నవి. కాని వారి వాదమునకు పసిపిల్లల చదువుతో గల సంబంధమును తలచువారు కొందరే.

వారు సవరలకొరకు పాటుపడిన కథ చూడుడు. కొండలలోని ఆ బిడ్డలకు బడిభాష పరభాష. అర్థముకాని మాటను బిడ్డ యెట్లు ప్రశ్నించును? వల్లించును, అంతియే. కావున రామమూర్తిగారు తామే సవరభాష నేర్చి, వాచకములు వ్రాసి, సొంత సొమ్ముతో బడులు పెట్టిరి. ఆ పుస్తకములను 1911లో మద్రాసు ప్రభుత్వమువారు అచ్చు వేయించిరి. తెలుగుబిడ్డల అవస్థయు ఇంచుమించు అట్టిదే యని వారికి తోచుటలో వింత యేమున్నది? పలుకు భాష యొకటి, పుస్తకభాష యింకొకటి యేల యని విద్యాధికారి యేట్సుదొర అడిగిన ప్రశ్న ఈ ప్రాంతముననే పుట్టినది. విజయనగరమున గురజాడ అప్పారావుగారు తోడైరి. 1914లో వారు విశ్వవిద్యాలయమునకు తమ అసమ్మతిపత్రము నొసగిరి.

ఆ రగడ యంతయు క్రియారూపములను గూర్చియే యని మేము విద్యార్థిదశలో వింటిమి. అది సగము నిజము. ప్రతిపదార్థము చెప్పగల బాలుడు ఆ వాక్యము నిజమా కాదా యని తలచునా? మాకు సంస్కృతము నేర్పిన రీతియు వల్లెవేతయే. తర్కశాస్త్రమున పూర్వపక్షము లేక సిద్ధాంతము లేదని తెలియుటకు మాకు చాల యేండ్లు పట్టినది. (ఆయన గూర్చి ఈ గ్రాంథికమున వ్రాయు మమ్ము చదువరులు నవ్వుదురు గాక, అలవాటు మానలేకున్నాము.)

నౌపడలో ఉప్పుమళ్లవారి పిల్లలకు మేము మొన్న వాచకపాఠము చెప్పితిమి. “లవణము సముద్రజలమునుండి లభించును” అని తరగతి యంతయు తడుముకొనక అప్పగించినది. పుస్తకము మూయించి, మీ యింటిమాటలలో చెప్పుడంటిమి. మడికి నీరు పెట్టుట, ఎండకు ఆరుట, వానవచ్చిన పని పాడగుట, తండ్రి చేతుల పగుళ్లు, అన్నియు వచ్చినవి. అంతట వెనుకబల్లనుండి యొక పిల్లవాడు లేచి, “సంద్రంలో అన్నేసి నీళ్లున్నాయి గదా, అక్కడెందుకు ఉప్పు కట్టదేటి మాస్టారూ?” అనెను.

పాఠ్యక్రమమున ఆ దినము వ్రాతపని. అది సాగలేదు. మరునాడు రెండు పళ్లెములలో ఉప్పునీరు పోసి, ఒకదానిని ఎండలో విడిచితిమి. రెండవదానిలో గంటగంటకు నీరు పోయుచుండుమని ఆ పిల్లవానికే అప్పగించితిమి.