ఎముకలు కట్టే ఇంటి నుండి ఎముకల వైద్యశాల దాకా

పుత్తూరు కట్టు మాట విననివారు మన పాత కుటుంబాలలో అరుదు. కాలో చెయ్యో విరిగితే వెదురు బద్దలు, ఆకు పసరు, గుడ్డ పీలికలతో కట్టే ఆ విద్య తండ్రి నుండి కొడుక్కు వచ్చినది. ఇటువంటి ఇంటివిద్యే ఒకటి బ్రిటన్‌లో ఆధునిక ఎముకల వైద్యానికి పునాది అయినది. ఆ కథ చెప్పుకొందాము.

వేల్స్‌లోని ఆంగ్లసీ దీవిలో థామస్ వంశంవారు తరతరాలుగా ఎముకలు కట్టేవారు. ఆ వంశంలోని ఈవాన్ థామస్ లివర్‌పూల్ రేవుకు వచ్చి పేరు పొందాడు. కాని పట్టా లేనివాడని వైద్యులు పగబట్టగా కోర్టుల పాలయ్యాడు. అతడు కుంగిపోలేదు, అయిదుగురు కొడుకులనూ వైద్యం చదివించాడు. వారిలో హ్యూ ఓవెన్ థామస్ (1834-1891) ఇంటివిద్యను, కళాశాల విద్యను కలిపి, కాలిని కదలనీయక చాచి పట్టే ఇనుప చట్రాన్ని రూపొందించాడు. ఆదివారాలు బీదలకు ఉచితంగా వైద్యం చేసేవాడు. పెద్ద ఆసుపత్రులలో మాత్రం ఆయనకు పదవి దక్కలేదు.

ఆయన భార్య మేనల్లుడే రాబర్ట్ జోన్స్ (1857-1933). 1873లో, పదహారేళ్ల వయసులో, వారి ఇంట చేరి వైద్యం నేర్చాడు. 1888లో మాంచెస్టర్ ఓడల కాలువ తవ్వకానికి వైద్యాధికారి అయ్యాడు. 36 మైళ్ల పనిలో వేలాది కూలీలు, ప్రమాదాలు నిత్యకృత్యం. జోన్స్ దారి పొడవునా ప్రథమ చికిత్స కేంద్రాలను, మూడు ఆసుపత్రులను నడిపాడు. గాయపడిన కూలీ కోసం వైద్యమే ఎదురువెళ్లే ఏర్పాటు అది. 1896లో ఒక బాలుని మణికట్టులోని తూటాను కొత్తగా వచ్చిన ఎక్స్‌రేతో గుర్తించినవారిలో ఆయన ఒకడు.

మొదటి ప్రపంచ యుద్ధంలో మామ చేసిన చట్రాన్ని సైన్యం చేత వాడించాడు. తూటా తగిలి తొడ ఎముక విరిగినవారిలో తొలుత నూటికి 80 మంది మరణించేవారనీ, తరువాత అది 20కి దిగిందనీ ప్రసిద్ధమైన లెక్క. త్వరగా శస్త్రచికిత్స చేయడమూ ఇందుకు తోడ్పడింది. థామస్ స్ప్లింట్ అనే ఆ చట్రం నేటికీ ఆసుపత్రులలో ఉన్నది.

రబ్బరు తోటలలో, చెరకు పొలాలలో ఒళ్లు విరుచుకొన్న కూలీల సంతతి మనం. కాలువ కూలీల గోడు మనకు పరాయిది కాదు. ఈవాన్ థామస్ తాతల విద్యను విడవలేదు, ఉన్నచోటే ఉంచనూ లేదు. చదువుతో పరీక్షకు పెట్టించాడు. మన పిల్లలకు పెద్దల సొత్తును అందించేటప్పుడు ఈ మాట గుర్తుంచుకొందాము.