మెగ్నీషియ మిశ్రలోహములు: ఉష్ణోపచారము, రూపకల్పన

నిర్మాణములకు వాడుకలోనున్న లోహములలో మిక్కిలి తేలికయైన మెగ్నీషియమును 1808లో హంఫ్రీ డేవీ మొదట వేరుచేసెను. ఘన సెంటీమీటరునకు 1.74 గ్రాములు మాత్రమే తూగు ఈ లోహము ఇనుము బరువులో నాలుగవ వంతునకైనను రాదు. 1909లో ఫ్రాంక్‌ఫర్టు నగరమున జరిగిన వైమానిక ప్రదర్శనమునందు గ్రీస్‌హైమ్ సంస్థవారు దీని మిశ్రలోహమును ‘ఎలెక్ట్రాన్’ అను పేర లోకమునకు చూపిరి. తేలికదనము ప్రకృతి యిచ్చినదే. దార్ఢ్యమును మాత్రము మానవుడు కొలిమిలోను, యంత్రములపైనను సంపాదింపవలసి వచ్చెను.

ఈ కష్టమునకు మూలము స్ఫటిక నిర్మాణమున కలదు. మెగ్నీషియమున పరమాణువులు షడ్భుజాకార క్రమమున కూర్పబడియుండుటచే, సాధారణోష్ణోగ్రతయందు ఆధారతలములే, తమలపాకుల కట్టలో ఆకులవలె, ఒకదానిపై నొకటి సులభముగా జారును. తక్కిన దిశలలో జారుడు దుర్లభమగుటచే చల్లని లోహమును వంచబోయినచో త్వరలోనే పగుళ్లు వారును.

పోతలకు బహుళముగా వాడబడు ఏజెడ్ 91 మిశ్రమమున సుమారు 9 శాతము అల్యూమినియము, 1 శాతము జింకు ఉండును. 437 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మెగ్నీషియమున 12.7 శాతము వరకు అల్యూమినియము కరగును గాని, చల్లారినకొలది ఆ శక్తి సన్నగిల్లును. మిగిలినది లోహపు స్ఫటికకణముల సరిహద్దులలో పెళుసైన సమ్మేళనముగా పేరుకొనును. పోతను 413 డిగ్రీల చెంత 16 మొదలు 24 గంటలవరకు ఉంచినచో ఆ సమ్మేళనము ఘనద్రావణమున లీనమై, సుమారు 165 మెగాపాస్కల్‌గానున్న తన్యతాబలము 275కు పెరుగును. పిమ్మట 168 డిగ్రీలయొద్ద 16 గంటలు పక్వపరచినచో సూక్ష్మావక్షేపములు ఏర్పడి, లోహము శాశ్వతముగా రూపు మారుటకు కావలసిన ప్రతిబలము దాదాపు 90 నుండి 145 మెగాపాస్కల్‌కు చేరును. సాగుగుణము మాత్రము తగ్గును. తొందరపడి వేడిచేసినచో సరిహద్దులలోని భాగము ముందుగా కరగి లోపల రంధ్రములు మిగులును. లోహము మండకుండ కొలిమిలో కార్బన్ డయాక్సైడునో, సల్ఫర్ డయాక్సైడునో నింపుట పరిపాటి.

అయినను, 1906లో విల్మ్ పండితుడు అల్యూమినియమున కనుగొన్న కాలపక్వ దార్ఢ్యము ఇచట అంతగా ఫలింపలేదు. అవక్షేపములు పలుచని పలకలై ఆధారతలములకు సమాంతరముగా పరుండుటచే, ఆ తలముల జారుడునకు బలముగా అడ్డుపడలేవు. కావున శోధకులు కణములను చిన్నవి చేయు మార్గమును వెదకిరి. 1937లో సావర్‌వాల్డ్ జిర్కోనియము చేర్చి పోతకణములను సూక్ష్మపరచెను. అల్యూమినియము గల మిశ్రమములలో మాత్రము అది పనిచేయదు. 1950ల తొలినాళ్లలో హాల్, పెచ్ అను శాస్త్రజ్ఞులు కణము చిన్నదైనకొలది బలము హెచ్చునని ఉక్కునందు నిరూపించిరి. మెగ్నీషియమున ఈ ప్రభావము మరింత తీవ్రము.

పోతనే నమ్ముకొనక, వేడిలోహమును ఒత్తి, సాగదీసి, అచ్చుగుండ దూర్చునపుడు నూతన సూక్ష్మకణములు పుట్టును. ఏ వేడిమివద్ద, ఎంత వేగముతో ఒత్తిన ఈ పునఃస్ఫటికీకరణము సురక్షితముగా జరుగునో, ఎచట పగుళ్లు వచ్చునో చూపు ‘ప్రాసెసింగ్ మ్యాపు’ల పద్ధతి 1984లో ప్రకటితమయ్యెను. దానిని రూపొందించినవారిలో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సు ఆచార్యులు వై.వి.ఆర్.కె. ప్రసాద్ ముఖ్యులు. ఆయన తరువాత హాంకాంగ్ సిటీ విశ్వవిద్యాలయమున కామినేని పిచ్చేశ్వరరావుతో కూడి ఏజెడ్ 31 అను మరొక మెగ్నీషియ మిశ్రమమును పరిశీలించి, పోతను ముందుగా సమజాతీయపరచుట ఎట్టి మార్పు తెచ్చునో, రోలింగు పలకను వేర్వేరు దిశలలో ఒత్తిన మ్యాపు ఎట్లు మారునో తేల్చెను. కొలిమి వేడిమిని అంచనాలకు విడువక పటముగా గీయుటయే ఈ రంగమునకు ఆంధ్రులందించిన శ్రేష్ఠమైన కానుకయని చెప్పవచ్చును.

హైదరాబాదున 1963లో రక్షణ లోహశోధనాలయమును, 1973లో మిధానిని నెలకొల్పుటతో ఇచట లోహవిద్య వేళ్లూనెను. 1988లో తొలిసారి ఎగిరిన పృథ్వి క్షిపణి రెక్కలకు మెగ్నీషియ మిశ్రలోహమును వాడిరి. పూర్వపు పశ్చిమ గోదావరి జిల్లా గౌరీపట్నమునందు ఈ లోహోత్పత్తికై ఒక కర్మాగారము వెలసెను. హైదరాబాదు పొరుగున గండిపేటలో, 1997లో స్థాపితమైన మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీయందు లోహశాస్త్రమును ప్రత్యేక శాఖగా బోధించుచున్నారు.