నాలుగు సువార్తలు - ఒక పాత చిక్కుముడి

డిసెంబరులో పిల్లలు వేసే క్రిస్మస్ నాటకం మనలో చాలామందిమి చూసే ఉంటాం. పశువుల తొట్టి, గొర్రెల కాపరులు, నక్షత్రం, తూర్పు దేశపు జ్ఞానులు - అందరూ ఒకే వేదిక మీద ఉంటారు. బైబిలు తెరిచి చూస్తే తొట్టి, కాపరులు లూకాలోనే ఉన్నారు. నక్షత్రం, జ్ఞానులు మత్తయిలోనే. మార్కు, యోహాను ఆ పుట్టుక కథ ఊసే ఎత్తరు. ఒకే మహనీయుని చరిత్రలో ఇన్ని తేడాలెందుకు?

ఈ ప్రశ్న నేటిది కాదు. క్రీ.శ. 170 ప్రాంతంలో తాతియాను అనే పండితుడు నాలుగింటినీ కలగలిపి ఒకే కథగా కూర్చాడు. సిరియా చర్చీలలో తరతరాలు దాన్నే చదివారు. ఐదవ శతాబ్దంలో థియోడొరెట్ అనే బిషప్పు ఆ గ్రంథం ప్రతులు 200 పైచిలుకు పోగుచేసి పక్కన పెట్టించి, వాటి స్థానంలో నాలుగు సువార్తలనూ ఇచ్చాడు. తేడాలున్నా సరే, నాలుగూ ఉండవలసిందేనన్నది ఆనాటి పెద్దల తీర్పు. ఆ తీర్పే లేకపోతే ఈ వ్యాసానికి పనే లేదు!

1770లలో జర్మన్ పండితుడు గ్రీస్‌బాఖ్ మత్తయి, మార్కు, లూకాలను పక్కపక్క వరుసలలో అచ్చు వేయించాడు. అలా చూస్తే తేడాలకన్నా పోలికలే ఎక్కువ ఆశ్చర్యపరుస్తాయి. మార్కులోని 661 వచనాలలో సుమారు 600 ఏదో ఒక రూపంలో మత్తయిలో ఉన్నాయి. యేసు మాట్లాడింది అరమాయిక్, సువార్తలు రాసింది గ్రీకులో. ఇద్దరు విడివిడిగా అనువదిస్తే మాటకు మాట సరిపోతుందా? యేసు ప్రసంగం మధ్యలో, చదివేవాడు అర్థం చేసుకోవాలని ఒక చిన్న హెచ్చరిక వస్తుంది. అది మార్కులోనూ మత్తయిలోనూ ఒకే చోట ఉంది. ఒకరిది చూసి మరొకరు రాశారన్నమాట.

మరి ఎవరిది ముందు? గ్రీస్‌బాఖ్ మార్కు చివరివాడన్నాడు. 1863లో హోల్ట్‌స్‌మన్ గ్రంథం వచ్చాక, మార్కే మొదటివాడన్న వాదం బలపడింది. ఎందుకో చెప్పడానికి బాప్తిస్మమిచ్చు యోహాను తల నరికించిన హేరోదు కథ చాలు. ఈ హేరోదు రోమనుల కింద సామంతుడే గాని, రాజు బిరుదు లేదు. మార్కు మాత్రం కథ పొడుగునా ‘రాజు’ అనే రాశాడు. మత్తయికి సంగతి తెలుసు. మొదట్లో సరైన పదవే వేశాడు (మన తెలుగు బైబిలులో ‘చతుర్థాధిపతి’). ఎనిమిది వచనాలు దాటేసరికి ‘రాజు’ వచ్చి కూర్చున్నాడు! అంతేకాదు, మార్కులో యోహానును చంపాలని చూసేది హేరోదు భార్య. హేరోదుకు అతనంటే భయభక్తులు. మత్తయిలో చంపాలనుకునేది హేరోదే. అయినా చివరకు తల అడిగితే రాజు దుఃఖపడ్డాడనే ఉంది. ముందున్న ప్రతిని దిద్దుతూ రాసేవాడికే ఇలా జరుగుతుంది. గుడేకర్ అనే పండితుడు 1998లో దీన్ని సంపాదకుని అలసట అన్నాడు. పత్రికలకు ప్రూఫులు దిద్దినవారికి ఈ అలసట తెలియనిది కాదు.

మార్కులో లేక, మత్తయి లూకాలలో మాత్రమే ఉన్న 200 పైచిలుకు వచనాల సంగతి వేరు. వాటికి ‘క్యూ’ అనే పోయిన గ్రంథం ఆధారమని చాలామంది అంటారు. జర్మన్‌లో ‘క్వెల్లె’ అంటే మూలం. దాని ప్రతి ఒక్కటీ దొరకలేదు. లూకా మత్తయిని చూసి ఉంటే ఆ గ్రంథం అవసరమే లేదని 1955లో ఆక్స్‌ఫర్డ్ పండితుడు ఫారర్ వాదించాడు. ఆ తగవు ఇంకా తెగలేదు.

ఈ చదువు ఊరికే రాలేదు. 1835లో స్ట్రౌస్ అనే 27 ఏళ్ళ యువకుడు సువార్తలను విమర్శిస్తూ యేసు చరిత్ర రాసి, ట్యూబింగన్‌లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 1839లో జూరిక్ విశ్వవిద్యాలయం పిలిచి పదవి ఇస్తే జనం తిరగబడ్డారు. ఒక్క పాఠమైనా చెప్పకముందే పింఛను ఇచ్చి వదిలించుకున్నారు. ఆ సెప్టెంబరులో అక్కడి ప్రభుత్వమే పడిపోయింది.

కాలేజీలో ఈ కోర్సు చదివిన పిల్లలు ఇంట్లో ఈ మాటలు ఎత్తితే విశ్వాసులైన తల్లిదండ్రులు నొచ్చుకోవడం, మిగిలినవారు చంకలు గుద్దుకోవడం - రెండూ తొందరపాటే అనుకుంటాను. ఎవరు ముందు రాశారో తేల్చడం వేరు, రాసినది అబద్ధమనడం వేరు. ఎక్కువమంది పండితుల లెక్కలో మార్కు 70 ప్రాంతంవాడు, మత్తయి, లూకా ఆ తర్వాతివారు. అంటే యేసు మరణించిన నాలుగు దశాబ్దాలకు, వేర్వేరు సంఘాల కోసం రాసుకున్న పుస్తకాలివి.

యోహాను దారి మొదటినుంచీ వేరు. దేవాలయంలో వర్తకులను వెళ్ళగొట్టిన ఘటన మిగిలిన ముగ్గురిలో చివరి వారంలో జరిగితే, యోహానులో రెండో అధ్యాయంలోనే జరుగుతుంది.

తెలుగులో మొదట అచ్చయిన సువార్తలు విశాఖపట్నంలో డెగ్రాంజెస్ అనే మిషనరీ, ఆనందరాయర్ సాయంతో అనువదించినవి. 1812లో శ్రీరాంపూరు ముద్రణాలయంలో అచ్చయ్యాయి. అవి మత్తయి, మార్కు, లూకా - ఆ మూడే.