ఉద్యోగమా, ఆటా? హైదరాబాద్ ఫుట్‌బాలర్లను వదలని ప్రశ్న

ఫుట్‌బాలర్ కాళ్లలో సత్తువ ఉండేది మహా అయితే పదిహేనేళ్లు. ఆ తర్వాత ఇంకో నలభై ఏళ్ల బతుకు మిగిలే ఉంటుంది. అందుకే ఏ జట్టుకు ఆడాలి, ఎక్కడ ఆడాలి అన్నది ఆటకు మాత్రమే సంబంధించిన విషయం కాదు, ఇంటిల్లిపాదికీ సంబంధించింది. హైదరాబాద్ గల్లీల నుంచి వచ్చిన ఆటగాళ్లు ఈ ప్రశ్నకు ఒక్కో కాలంలో ఒక్కో జవాబు చెప్పారు. కొందరు సొంత ఊళ్లో నౌకరీ పట్టుకుని ఆడారు. కొందరు కోల్‌కతా రైలెక్కారు. ఈ మధ్య నిజామాబాద్ అమ్మాయి ఒకరు ఏకంగా యూరప్ దాకా వెళ్లొచ్చారు.

సొంత ఊరి జట్టు

1950లలో హైదరాబాద్ కుర్రాడికి ఊరు విడవాల్సిన అవసరం పెద్దగా కనిపించలేదు. దేశంలోని మేటి జట్లలో ఒకటి ఇక్కడే ఉండేది. అదే హైదరాబాద్ సిటీ పోలీస్. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన జట్టు అది. 1950లో డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. ఆ జట్టును తీర్చిదిద్దిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. జనం ఆయన్ను రహీం సాబ్ అనేవారు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా ఆయన కథే.

పోలీసు జట్టులో ఆడేవారికి శాఖలోనే కొలువు ఉండేది. పొద్దున గ్రౌండు, తర్వాత డ్యూటీ. నెల తిరిగేసరికి జీతం. గాయమై ఆట ఆగిపోయినా పొయ్యి ఆగదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ సెమీఫైనల్ ఆడి నాలుగో స్థానంలో నిలిచింది. కోచ్ రహీం సాబే. ఆ బృందంలో పీటర్ తంగరాజ్, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, బలరాం లాంటి హైదరాబాదీలు ఎంతోమంది ఉన్నారు. సంతోష్ ట్రోఫీని కూడా హైదరాబాద్ 1956, 1957లలో వరసగా గెలిచింది.

కోల్‌కతా దారి

అయితే డబ్బు, పేరు, నిండు స్టేడియం కోల్‌కతాలో ఉండేవి. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్, ఈ మూడు క్లబ్బుల పోటీలో మంచి ఆటగాడి కోసం గాలింపు ఎప్పుడూ సాగేది. బదిలీల సీజన్ వచ్చిందంటే అవతలి క్లబ్బు కంటపడకుండా ఆటగాళ్లను దాచిపెట్టిన కథలు ఇప్పటికీ అక్కడ చెప్పుకుంటారు.

సికింద్రాబాద్ అమ్ముగూడలో 1936లో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టారు. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం గెలిచిన జట్టులో ఆయన ఉన్నారు. మరుసటి ఏడాది రహీం సాబ్ కన్నుమూశారు. అదే ఏడాది అనారోగ్యంతో బలరాం ఆట మానాల్సి వచ్చింది. అప్పటికి ఆయనకు ఇంకా ముప్పై కూడా నిండలేదు. ఆ తర్వాత ఆయన బెంగాల్‌లోనే ఉండిపోయారు. 2023 ఫిబ్రవరి 16న అక్కడే చనిపోయారు. ఆట కోసం వెళ్లిన ఊరే ఆయనకు ఇల్లయింది.

బడే మియా లెక్క

ఈ వరసలో అందరికన్నా తెగించిన మనిషి మహమ్మద్ హబీబ్. 1949 జులై 17న హైదరాబాద్‌లో పుట్టారు. అన్నదమ్ములంతా ఫుట్‌బాలర్లే. తమ్ముడు అక్బర్ కూడా కోల్‌కతా మైదానంలో పెద్ద పేరు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచినప్పుడు హబీబ్‌కు పదహారు దాటి కొన్ని నెలలే. 1966లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. అప్పటి నుంచి 1980ల దాకా కోల్‌కతాలోని మూడు పెద్ద క్లబ్బులకూ ఆడారు.

ఆ రోజుల్లో ఏ ఆటగాడైనా రైల్వేలోనో, బ్యాంకులోనో, కంపెనీలోనో పేరు రాయించుకునేవారు. ఆట తర్వాత బతుకుకు అదే ఆసరా. హబీబ్ మాత్రం ఉద్యోగం వద్దన్నారు. ఆడటమే నా పని, దానికే నాకు డబ్బివ్వండి అన్నది ఆయన పద్ధతి. అందుకే భారత ఫుట్‌బాల్‌లో తొలి అసలైన ప్రొఫెషనల్ అన్న పేరు ఆయనకు వచ్చింది. సాధనలో కఠినం, మైదానంలో పట్టు విడవని మనిషి. కుర్రాళ్లు 'బడే మియా' అని పిలిచేవారు.

1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టులో హబీబ్ ఉన్నారు. ఆ జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాదీయే. 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ మ్యాచ్ 2-2తో ముగిసింది. బగాన్ గోల్స్‌లో ఒకటి శ్యామ్ థాపాది, ఇంకోటి హబీబ్‌ది. 1980లో అర్జున అవార్డు వచ్చింది. ఆట మానాక టాటా ఫుట్‌బాల్ అకాడమీలో పిల్లలకు శిక్షణ ఇచ్చారు. 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో కన్నుమూశారు. బలరాం తిరిగి రాలేదు, హబీబ్ తిరిగొచ్చారు. కానీ ఇద్దరి ఆటకూ అసలు మార్కెట్ బెంగాలే.

అదే కాలంలో కొరియా

మరి హబీబ్ యూరప్ ఎందుకు వెళ్లలేదు? అప్పట్లో మన దగ్గర ఆ దారే లేదు. ఆటగాళ్లను చూసి తీసుకెళ్లే ఏజెంట్లు లేరు, దేశంలో ప్రొఫెషనల్ లీగ్ లేదు. జాతీయ లీగ్ మొదలైందే 1996లో. కొరియాలో కూడా ప్రొఫెషనల్ లీగ్ 1983లో గానీ రాలేదు. కానీ అక్కడ ఒక్క మనిషి దారి తీశాడు. ఆయనే చా బమ్-కున్.

చా కథలో కూడా అడ్డుపడింది ఒక రకమైన కొలువే. కొరియాలో యువకులు సైన్యంలో పనిచేసి తీరాలి. చా వైమానిక దళం జట్టుకు ఆడుతూ 1978 చివర్లో జర్మనీకి వెళ్లారు. డార్మ్‌స్టాట్ తరఫున ఒకే ఒక్క మ్యాచ్ ఆడారు. సేవాకాలం ఇంకా మిగిలి ఉందని వెనక్కి రావాల్సి వచ్చింది. అది పూర్తిచేసి 1979లో ఐంట్రాక్ట్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో చేరారు. 1980లో ఆ జట్టుతో, 1988లో లెవర్‌కూసెన్‌తో యూఈఎఫ్‌ఏ కప్ గెలిచారు. బుండెస్‌లిగాలో 308 మ్యాచ్‌లు, 98 గోల్స్.

ఇప్పటికీ కొరియా కుర్రాళ్ల లెక్క దీని చుట్టే తిరుగుతుంది. ఒలింపిక్ పతకమో, ఆసియా క్రీడల స్వర్ణమో సాధిస్తే సైనిక సేవ కొన్ని వారాల శిక్షణతో సరిపోతుంది. లేకపోతే యూరప్ ఒప్పందం మధ్యలో వదిలి స్వదేశానికి రావాలి. సన్ హ్యూంగ్-మిన్‌కు ఆ మినహాయింపు 2018 ఆసియా క్రీడల స్వర్ణంతో దక్కింది. కొరియా కుర్రాడి కాలికి సైన్యం ముడిపడి ఉంటే, హైదరాబాద్ కుర్రాడి కాలికి ముడిపడింది ఉద్యోగం. అక్కడ చట్టం, ఇక్కడ ఇంటి అవసరం.

నిజామాబాద్ నుంచి జాగ్రెబ్

హబీబ్ తరానికి లేని దారి 2022లో ఒక తెలంగాణ అమ్మాయికి తెరుచుకుంది. నిజామాబాద్ జిల్లాకు చెందిన గుగులోత్ సౌమ్య 2001లో పుట్టారు. కేరళ క్లబ్బు గోకులంకు ఆడుతుండగా క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ మహిళల జట్టు నుంచి పిలుపొచ్చింది. మధ్యప్రదేశ్ అమ్మాయి జ్యోతి చౌహాన్‌తో కలిసి వెళ్లారు.

సౌమ్య అక్కడే స్థిరపడలేదు. దేశానికి తిరిగొచ్చి ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. బలరాం, హబీబ్ ఆడిన ఎరుపు-పసుపు జెర్సీయే ఇది. 2024-25లో ఈస్ట్ బెంగాల్ ఇండియన్ విమెన్స్ లీగ్ టైటిల్ గెలిచింది. ఆ సీజన్‌కు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా ఫెడరేషన్ సౌమ్యనే ఎంపిక చేసింది. 2025 జులై 5న చియాంగ్ మాయ్‌లో థాయిలాండ్‌ను 2-1తో ఓడించి భారత మహిళలు ఆసియా కప్‌కు అర్హత సాధించారు. ఆ అర్హత టోర్నీ ఆడిన జట్టులోనూ సౌమ్య ఉన్నారు.

యూరప్ వెళ్లి వెనక్కి రావడాన్ని ఓటమిగా చూసేవాళ్లు ఉంటారు. సౌమ్య విషయంలో ఆ మాట నిలవదు. వెళ్లొచ్చాకే ఆమెకు దేశంలో అత్యున్నత గుర్తింపు దక్కింది.

ఇప్పటి లెక్క

ఇవాళ ఊళ్లో పరిస్థితి తలకిందులైంది. హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. మూడేళ్లు తిరక్కుండానే అప్పుల్లో కూరుకుపోయింది. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయింది. ఊరి జట్టు ఉందన్న ధీమా ఇక లేదు.

అందుకే ఇప్పుడు ఆటగాడు, వాళ్ల అమ్మానాన్న అడగాల్సిన ప్రశ్నలు వేరు. ఒప్పందం ఎన్ని నెలలు? బెంచీ మీద కూర్చోబెడతారా, ఆడిస్తారా? గాయమైతే వైద్యం ఖర్చు ఎవరిది? చదువు సగంలో ఆగుతుందా? రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం వస్తే వదులుకోవచ్చా? పెద్ద పేరున్న జట్టులో కూర్చోవడం కన్నా చిన్న జట్టులో వారం వారం ఆడటమే కుర్రాడికి మేలు.

హబీబ్ నౌకరీ కాదన్నారు. పోలీసు జట్టు వాళ్లు నౌకరీతోనే ఒలింపిక్స్ ఆడారు. చా ఒకసారి వెనక్కి వచ్చి మళ్లీ వెళ్లారు. సౌమ్య వెళ్లి తిరిగొచ్చి గెలిచారు. వీళ్లలో ఎవరి దారీ తప్పు కాదు. ఆట ఆగిపోయాక ఇల్లు ఎలా గడుస్తుందో ముందే తెలిసి ఉంటే ఏ దారైనా ధైర్యంగా పట్టొచ్చు. ఆ ధైర్యాన్ని ఒకప్పుడు రహీం సాబ్ కాలపు పోలీసు కొలువు ఇచ్చింది. ఇప్పుడు దాన్ని ఇవ్వాల్సింది క్లబ్బులు, ఫెడరేషన్, ప్రభుత్వం.