ఆటిజం పిల్లలు – పరిశీలన – సమష్టి జీవితం

నలుగురితో కలవని పిల్లవాణ్ణి చూచి ‘వాడి స్వభావమే అంత’ అని తేల్చివేయడం లోకంలో వున్నదే. ఆ స్వభావం యే పరిస్థితుల్లో యెట్లా మారుతుందో ఓపికగా గమనించినవారు తక్కువ. ఆటిజం చరిత్రలో అటువంటి వారిలో ముందు చెప్పుకోవలసిన పేరు గ్రున్యా సుఖరేవా.

1891లో కీవ్‌లో జన్మించిన యీ వైద్యురాలు 1921లో మాస్కోలో పిల్లలకు చికిత్సాపాఠశాల నెలకొల్పింది. 1924లో ఆమె వద్దకు పన్నెండేళ్ల బాలుణ్ణి తీసుకువచ్చారు. అయిదేళ్లకే తనంతట తాను చదవడం నేర్చినవాడు. బొమ్మలు ముట్టడు. తోటి పిల్లలకంటె పెద్దల సాంగత్యమే ఇష్టం. ఇటువంటి ఆరుగురు బాలురను గూర్చి ఆమె రాసిన వ్యాసం 1925లో రష్యన్‌లోనూ, 1926లో జర్మన్‌లోనూ వెలువడింది. ఆటిజాన్ని మొదట వర్ణించినవారని పాఠ్యగ్రంథాలు చెబుతూ వచ్చిన కానర్ (1943), ఆస్పెర్గర్ (1944)ల రచనలు దాదాపు రెండు దశాబ్దాల తరువాతవి. అయినా 1996లో సూలా వుల్ఫ్ అనువదించేదాకా ఇంగ్లీషు లోకం ఆమె వ్యాసాన్ని పట్టించుకోలేదు.

సుఖరేవా ఒక్కపూట పరీక్షతో తృప్తిపడలేదు. వ్యాయామంలో, చిత్రలేఖనంలో, వడ్రంగం పనిలో పిల్లలు యెట్లా మెలగుతున్నారో చాలాకాలం చూచింది. బాలుడి ఇబ్బంది బయటపడే చోటూ, అది సడలే చోటూ ఆ సమష్టి జీవితమే.

వియన్నాలో ఆస్పెర్గర్ వైద్యశాలలో కూడా పిల్లలను ఆటపాటల మధ్యనే గమనించేవారు. పద్ధతి ఇంచుమించు ఒకటే, ఏలుబడి వేరు. నాజీల పాలనలో, సమాజంలో ఇమడలేరని తేల్చిన పిల్లల బ్రతుకే ప్రమాదంలో పడింది. ఆ నగరంలోని స్పీగెల్‌గ్రుండ్‌లో 789 మంది పిల్లలు మరణించారు. అక్కడికి ఆస్పెర్గర్ కూడా పిల్లలను పంపినట్లు హెర్విగ్ చెక్ 2018లో దస్తావేజులతో బయటపెట్టాడు. పరిశీలన యెవరి ప్రయోజనానికి అన్న ప్రశ్న శాస్త్రానికి బయటిది కాదని యిక్కడ తెలుస్తుంది.

2004లో అమెరికాలో డేనియల్ లెగాఫ్ ప్రకటించిన పద్ధతి మళ్లీ కలిసి చేసే పనినే ఆధారం చేసుకున్నది. లెగో ఇటుకలతో ఒక వస్తువు కట్టాలి. ఒకడు పటం చూచి చెబుతాడు, రెండవవాడు ముక్కలు వెతికి ఇస్తాడు, మూడవవాడు అమరుస్తాడు. తరువాత పనులు మార్చుకుంటారు. అడగనిదే, చెప్పనిదే కట్టడం లేవదు. ‘మాట్లాడు’ అని యెవరూ ఆజ్ఞాపించనక్కరలేదు. పనే మాటను అడుగుతుంది.

అయితే లోపమంతా బాలుడిదేనా? స్వయంగా ఆటిజం గల పండితుడు డేమియన్ మిల్టన్ 2012లో దీనికి సమాధానం చెప్పాడు. వారు మనకు అర్థంకానట్లే మనమూ వారికి అర్థంకాము. ఆ అగాధం ఇరువైపులా వున్నది. కళ్లలోకి చూడమని, నవ్వమని తర్ఫీదు ఇచ్చి, ఆ నటనను నైపుణ్యమని లెక్కవేస్తే పిల్లవాడికి మిగిలేది అలసటే.

మన దేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని చేర్చుకొని, వీరిని తోటి పిల్లలతో కలిపి చదివించాలని చెప్పింది. చట్టం తలుపు తెరుస్తుంది. లోపల చోటు చూపవలసింది ఉపాధ్యాయుడు, తోటి విద్యార్థులు. ప్రయోగశాలలో, గోడపత్రికలో, బడితోటలో ఆ పిల్లవాడికి నిజమైన పని ఒకటి అప్పగించాలి. వాడు యెంత మారాడని రాసుకునే పుస్తకంలోనే, మనం యెంత మారామన్నది కూడా రాసుకోవాలి.