మసి గీత నుంచి ఐజీసీ ఫైలు దాకా

గ్లైడర్ పైలట్లు ఇవాళ వాడే ఎలక్ట్రానిక్ లాగ్‌బుక్కుకు నోటు పుస్తకం పూర్వరూపమనిపిస్తుంది. దాని అసలు పుట్టుక మాత్రం రుజువు కోసం పడిన తపనలో ఉంది. 1920లో జర్మనీలోని వాసర్‌కుప్పె కొండ మీద తొలి పోటీలు జరిగినప్పుడు చూసినవాళ్లే సాక్షులు. తర్వాత పైలట్లు పైకి లేచే వేడిగాలిని ఆసరా చేసుకుని కనుచూపు మేర దాటిపోసాగారు. గ్లైడర్ పైలట్ల ప్రతిభకు గుర్తుగా ఇచ్చే సిల్వర్ బ్యాడ్జి కావాలంటే 50 కిలోమీటర్ల దూరం, 5 గంటల సమయం, 1,000 మీటర్ల ఎత్తు పెరుగుదల సాధించాలి. పైలట్ అంత ఎత్తు ఎక్కాడని ఎవరు చెప్పాలి?

ఆ పని బారోగ్రాఫ్ చేసింది. గడియారపు యంత్రంతో తిరిగే డ్రమ్ముకు పల్చటి అల్యూమినియం రేకు చుట్టి, కర్పూరం వెలిగించి దానికి పొగ పట్టించేవారు. పైకి వెళ్లి గాలి ఒత్తిడి తగ్గేకొద్దీ లోపలి లోహపు డబ్బీ ఉబ్బేది, దానికి తగిలించిన సూది మసిని గీకుతూ పోయేది. పరిశీలకుడు ముందే ఆ పరికరానికి సీలు వేసేవాడు, దిగాక తానే విప్పేవాడు. చెయ్యి తగిలితే చెదిరిపోయే ఆ మసి గీతే పైలట్ చేతిలోని ఏకైక ఆధారం. అందుకే దాని మీద వార్నిష్ పూసి భద్రపరిచేవారు. ఆ గీతకు ఎత్తు తెలుసు, చోటు తెలియదు. ప్రయాణ మార్గంలోని మలుపు బిందువుల దగ్గరికి నిజంగా వెళ్లినట్టు చూపడానికి పైలట్లు రెక్క వాల్చి ఫోటోలు తీసేవారు. ఆ ఫిల్మును ముక్కలు చేయకుండా అప్పగించాలి.

జీపీఎస్ ఈ రెండింటినీ ఒకే పెట్టెలోకి తెచ్చింది. అంతర్జాతీయ గ్లైడింగ్ కమిషన్, పరికరాల తయారీదారులు, సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు కలిసి 1993, 1994లలో చర్చించి రూపొందించిన ఐజీసీ ఫైలుకు 1995 మార్చిలో ఆమోదం దొరికింది. నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికంటే గొప్ప నిర్ణయం అదే. ఎవరైనా తెరిచి చదువుకోగల మామూలు అక్షరాల ఫైలది. బి అక్షరంతో మొదలయ్యే ప్రతి వరుసలో సమయం, అక్షాంశం, రేఖాంశం, ఒత్తిడి చెప్పిన ఎత్తు, ఉపగ్రహాలు చెప్పిన ఎత్తు వరసగా ఉంటాయి. చివర జి వరుసల్లో డిజిటల్ సంతకం. స్థానం చెప్పే అంకె ఒక్కటి దిద్దినా తనిఖీలో పట్టుబడుతుంది. ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాని రూపం కాబట్టే స్లోవేనియాలో పుట్టిన సీయూ, ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఎక్స్‌సీసోర్ వంటి వేర్వేరు ప్రోగ్రాములు ఒకే ఫైలును చదవగలుగుతున్నాయి.

రుజువు కోసం పుట్టిన ఫైలు మెల్లగా దినచర్య పుస్తకం పని కూడా అందుకుంది. ఐరోపా నిబంధనల ప్రకారం పైలట్ గత 24 నెలల్లో కనీసం 5 గంటలు ఎగిరి, 15 సార్లు గాలిలోకి లేచి, శిక్షకుడితో రెండుసార్లు ప్రయాణించి ఉండాలి. చేత్తో కూడుకుంటే తప్పులు దొర్లే ఆ లెక్కను సాఫ్ట్‌వేర్ ఇట్టే చెప్పేస్తుంది. ఢీకొనే ప్రమాదాన్ని హెచ్చరించడానికి 2004లో స్విట్జర్లాండ్‌లో వచ్చిన ఫ్లార్మ్ పరికరం ఇంకో దారి తెరిచింది. దాని సంకేతాలను నేల మీది యాంటెన్నాలతో అందుకునే ఓపెన్ గ్లైడర్ నెట్‌వర్క్ వల్ల, క్లబ్బుల్లో ఎవరు ఎప్పుడు లేచారో ఎప్పుడు దిగారో పట్టిక దానంతటదే తయారవుతోంది. నిమిషంలోపే నిటారుగా మూడు వందల మీటర్లు ఎక్కితే నేల మీది వించి యంత్రపు తాడుతో లాగారని, నిమిషాల తరబడి నిదానంగా ఎక్కితే విమానం లాక్కెళ్లిందని ప్రోగ్రాములు ఊహిస్తాయి.

ఈ ఊహలకు ఒక హద్దుంది. రెండు సీట్ల గ్లైడర్‌లో బాధ్యత ఎవరిదో ఉపగ్రహానికి తెలియదు. ఐజీసీ ఫైల్లో పైలట్ పేరుకు చోటుంది, ఆ పేరు నింపాల్సింది మనిషే. అందుకే ఎన్ని వరుసలు వాటంతటవే నిండినా, నేర్చుకునేవాడు ఏ పాఠం పూర్తి చేశాడో, ఒంటరిగా పంపవచ్చో లేదో శిక్షకుడే రాసి సంతకం పెట్టాలి.