కలమా? అచ్చా?

ఒక సంఘమువారికో, ఒక పాఠశాల ఆటగాండ్రకో ఒకే బొమ్మగల నూరు చొక్కాలు కావలసివచ్చినచో, ఆ బొమ్మను ఏ విధముగా వేయింపవలెనను ప్రశ్న పుట్టును. చేతితో వ్రాయింతుమా? కొయ్య అచ్చుతో అద్దింతుమా? తెర మీదుగా రంగు దింపింతుమా? మన తెలుగు తీరమున ఈ ప్రశ్న పుట్టి నాలుగు వందల యేండ్లయినది.

శ్రీకాళహస్తిలో కలమునకే పెద్దరికము. వెదురుపుల్లకు ఉన్ని చుట్టి, దారముతో బిగించి, దానిని వ్రేళ్లతో నొక్కుచు రంగు దింపుట అచ్చటి పద్ధతి. గుడిలో వ్రేలాడదీయు రామాయణపుతెర ఒక్కటే కావలెను, రెండవది అక్కరలేదు. ఒక్కదాని కొరకు అచ్చులు చెక్కించువాడెవడు? బందరు సంగతి వేరు. అది గోలకొండ సుల్తానుల రేవు. అచ్చటినుండి పారశీక వర్తకులు ప్రార్థనవస్త్రములను, పరదాలను ఓడల కెత్తించెడివారు. కుడి యెడమలు సరిగా కుదిరిన అదే లత, అదే పువ్వు, పదులకొలది వస్త్రములపై మరల మరల రావలెను. అచ్చట అచ్చు గెలిచినది. అయినను, ఐరోపావారు కోరిన పెద్ద దుప్పట్లపై చెట్లను, పక్షులను బందరు పనివారు కలముతోనే వ్రాసిరి. కలంకారీ యను పేరు పారశీకము. కలము తగులని అద్దకమునకు గూడ ఆ పేరే నిలిచిపోయినది.

అచ్చు రంగును వేయునని మనమనుకొందుము. పాత అద్దకములో అది సగము మాత్రమే నిజము. గుడ్డను మొదట కరక్కాయ కలిపిన గేదెపాలలో ముంచి ఆరవేయుదురు. పాలలోని క్రొవ్వు రంగును ప్రక్కలకు ప్రాకనీయదు. పాత యినుపముక్కలను బెల్లపునీటిలో దినములకొలది నానబెట్టిన ద్రవమును అచ్చుతో అద్దగనే, అది కరక్కాయ వగరుతో కలిసి నల్లనగును. ఎరుపు రావలసిన చోట పటికనీరు అద్దుదురు. అప్పటి కచ్చట ఎరుపు జాడయే యుండదు. పారునీట జాడించి, చిరువేరు కషాయములో ఉడికించినప్పుడు పటిక తగిలిన చోటు మాత్రము ఎర్రగా పండును. మిగిలిన గుడ్డకు పట్టిన లేతచాయ పేడనీటికిని, ఎండకును వదలిపోవును. నీలికి త్రోవ వేరు: నీలి అక్కరలేని చోటెల్ల మైనముతో కప్పి, గుడ్డను నీలితొట్టిలో ముంచవలెను. ఉతికినకొలది వన్నె తేలు ఈ రంగుల మర్మమును తెలిసికొనగోరి, కూర్దూ అను ఫ్రెంచి క్రైస్తవగురువు పుదుచ్చేరి ప్రాంతపు పనివారి నడిగి, 1742లో స్వదేశమునకు లేఖ వ్రాసెను. ఈయనయే తెలుగు నేర్చి నిఘంటువు కూర్చినవాడు.

కొనువాని కోరికనుబట్టి నమూనా మార్చుటయు క్రొత్త కాదు. ఇంగ్లీషు కంపెనీవారు 1611లో బందరున దిగిరి. 1643లో లండనులోని వారి పెద్దలు, ఎర్రనేల తగ్గించి తెల్లనేల హెచ్చుగా నుంచుడని సూరతుకు వ్రాసిరి. తూర్పుతీరమునకును పిదప వారి నమూనాలు వచ్చెను. మన చీటిగుడ్డలు అచ్చట ఎంతగా చెల్లెననగా, ఫ్రాన్సు 1686లోను, ఇంగ్లండు 1700లోను వానిని నిషేధించెను. 1719లో లండను సాలెవారు వీథులలో స్త్రీల ఒంటిమీది చీటిగుడ్డలను చించివేసిరి. సాలెవారి కడుపుమంటను మేము తప్పుపట్టజాలము. దారిన పోవు స్త్రీపై దానిని తీర్చుకొనుట మాత్రము మగతనము కాదు.

నిషేధము నీడలోనే వారు అద్దకము నేర్చిరి. 1752లో డబ్లిను చెంత రాగిరేకుతో గుడ్డపై ముద్రించిరి. వెండ్రుకవంటి గీత దానికి సాధ్యము. కాని రేకును మాటిమాటికి ఎత్తి దింపవలెను. 1783లో థామస్ బెల్ రాగిదిండుపై బొమ్మను చెక్కించి, దొరలుచుండగా గుడ్డను నడిపించు యంత్రమునకు హక్కుపత్రము పొందెను. ఇక అచ్చు ఎత్తి దింపు పనియే లేదు. చిరువేరులోని ఎరుపునకు మూలమైన అలిజరీనును 1869 నుండి కర్మాగారములలో చేయనారంభించిరి. బందరు రెండు వైపుల దెబ్బతినెను: యంత్రము చేతిని, రసాయనము వేరును కొట్టినవి. నడుమ 1864 నాటి ఉప్పెన ఊరినే ముంచి, వేలకొలది ప్రాణములను గొనిపోయెను.

అయినను పని అంతరింపలేదు. బందరులోను, చేరువనున్న పెడనలోను నేటికిని టేకు అచ్చుల చప్పుడు వినవచ్చుచున్నది. చిరువేరునకు బదులు అలిజరీనే పెక్కు చోట్ల ఉడుకుచున్నది. దానికి మేము విచారింపము, ఎరుపు ఎరుపే. ఇప్పటి పోటీ తెరముద్రణతో. చట్రమునకు బిగించిన సన్నని వలగుడ్డలో బొమ్మ మేర మాత్రము రంధ్రములు తెరచియుంచి, రంగును అదిమి దింపుటయే ఆ పద్ధతి. నూరు చొక్కాలకు అదియే తగును. చవుకయు, త్వరయు దానివే. తెరపనిని తెరపనియని అమ్మినచో ఎవరికిని నష్టము లేదు. కలంకారీయని అమ్మినప్పుడే చిక్కు.

వెల చెల్లించుటకు ముందు గుడ్డను త్రిప్పి చూడుడు. ఉడికించిన రంగు నూలులోనికి దిగి, వెనుకవైపునను కానవచ్చును. పైపూత రంగైనచో తరచు వ్రేలికి తగులును. అచ్చుకు అచ్చు కలియు చోట గీత వెంట్రుకవాసి తప్పియుండిన, అది చేతిపని గుర్తు. తెరను త్వరగా సిద్ధము చేయవచ్చును. నాలుగు రంగుల లతకు నాలుగు అచ్చులు చెక్కుటకు దినములు పట్టును. అందుచేత మనము అచ్చు పేరిట తెరను కొన్నప్పుడు, మొదట పని పోవునది అద్దువానికి గూడ కాదు, ఉలి పట్టి అచ్చు చెక్కువానికి.